పక్క కాగితం మీది చిల్లు

టక్కున పిడి లేచింది, సర్రున వెనక్కి వచ్చింది, సర్రున ముందుకు పోయింది, టక్కున కిందికి పడింది. నూనె పెట్టిన ఇనుము మీద ఇనుము జారితే ఎంత చప్పుడవుతుంది గనక, తుపాకుల కొట్టులో ఇంకెవరి చెవినా పడనే పడదు. గోడవార స్టూలు మీద కూర్చున్న పెద్దకోడలికి మాత్రం అది వినపడ్డ ప్రతిసారీ ఎవరో వీపు మీద తట్టి, నిన్నే, నిన్నే, అన్నట్టుంది. చిన్నకోడలు నేల మీద పరిచిన చాప మీద బోర్లా పడుకుని, కొత్త రైఫిల్‌ని బుగ్గకు ఆనించుకుని, ఎదురు గోడకు కొట్టాయన అంటించిన నల్లచుక్కను గురి చూస్తోంది. ఖాళీ తుపాకే, లోపల తూటా లేదు, ఊరికే చేతికి సరిపడుతుందో లేదోనని చూసుకోవడం. అది బోల్టు రైఫిల్. ఒక గుండు పేలాక పిడి ఎత్తి, లాగి, తోసి, దించితే తప్ప రెండో గుండు లోపలికి పోదు. కౌంటరు మీద పచ్చగుడ్డ పరిచి పడుకోబెట్టినది చిన్నకోడలు ఇన్నాళ్ళూ వాడిన సొంత తుపాకి. అది సెమీ ఆటోమేటిక్, ఒకటి పేలగానే రెండోదాన్ని తానే లోపలికి లాక్కుంటుంది, మనిషి వేలు తప్ప ఇంకేదీ కదలక్కర్లేదు. రెండిట్లోనూ పడేది ఒకే చిన్న తూటా, అంచు మీద సూది తగిలితే పేలేది, బఠాణీ గింజంత సీసం. ఆ బఠాణీ గింజ గురించే పెద్దకోడలు ఇన్ని రోజులూ నోరు విప్పలేదు.

కొత్తదాన్ని తీసుకుని పాతదాన్ని ఇచ్చేయడమని మాట అయిపోయింది. కొట్టాయన పొట్టి మనిషి, మెడలో కళ్ళజోడు తాడుకి వేలాడుతుంటుంది, ఎంత పెద్ద మాటైనా పసిపిల్లకి జోలపాడినట్టు మెల్లగా చెబుతాడు. పాత తుపాకి ట్రిగ్గరు దగ్గరి ముక్కలన్నీ విప్పి, దీపం కింద పెట్టి, ఒక్కొక్కదాన్నీ తిప్పితిప్పి చూశాడు. నాకైతే ఏ లోపమూ కనపళ్ళేదమ్మా, అయినా ఒక నొక్కుకి రెండు పేల్చిందని తెలిశాక దాన్ని ఇంకొకళ్ళ చేతిలో ఎలా పెడతాను, విప్పేసి గొట్టం ఒకచోట, కర్ర ఒకచోట వాడుకోవడమే, అన్నాడు. విప్పేసి అన్న మాటకి చిన్నకోడలు ఒక్కసారి అటు చూసి, చూపు తిప్పేసుకుంది. పెంపుడు జంతువుని డాక్టరుకి అప్పగించి బయట నిలబడ్డవాళ్ళ ముఖం అలా ఉంటుంది. పెద్దకోడలు ఆ ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగింది. కిటికీకి ఇనుప కమ్మీలు, కమ్మీల అవతల బస్సు కోసం నిలబడ్డ జనం, ఒకావిడ సంచీలో చెయ్యి పెట్టి ఏదో వెతుక్కుంటోంది, దొరకడం లేదు, మళ్ళీ వెతుకుతోంది. చెప్పేయరాదూ. ఇప్పుడే. నోరు తెరిస్తే అయిపోతుంది. ఆవిడ సంచీలోంచి చెయ్యి బయటికి తీసింది, ఖాళీ చెయ్యే.

ఎంత చిన్న సంగతది, అదే కదా సిగ్గు. ఆ రోజు పోటీలో ఇద్దరూ పక్కపక్క చోట్లలోనే పడుకున్నారు. దూరంగా చెక్కలకు కొట్టిన కాగితాలన్నీ ఒకే అచ్చు, పైన అంకె వేసి ఉంటుంది గానీ తుపాకి మీది స్కోపులోంచి చూస్తే నల్లచుక్క తప్ప అంకె కనపడదు. పెద్దకోడలిది ఎప్పుడూ బోల్టు రైఫిలే, పిడి ఎత్తుతుంటే బుగ్గ లేచింది, చెమట చుక్క కంట్లో పడింది, తుడుచుకుంది, మళ్ళీ బుగ్గ ఆనించింది, నల్లచుక్క కనపడింది, ఊపిరి బిగబట్టి నొక్కింది. చిల్లు మంచిచోటే పడింది. కానీ దాని చుట్టూ ఉన్న చిల్లులు తనవి కావు. తనవి ఎడమవైపు కిందికి గుంపుగా ఒదిగి ఉంటాయి, ఇవేమో పైవైపు పువ్వులా విచ్చుకుని ఉన్నాయి. గుండె గుభేలుమంది. చిన్నదాని కాగితం. బోల్టు వాడేవాళ్ళకే వచ్చే పొరపాటు అది, పిడి లాగినప్పుడల్లా తుపాకి అంగుళమో అరంగుళమో జరుగుతుంది, కన్ను మళ్ళీ తన కాగితం వెతుక్కోవాలి. ఆటోమేటిక్‌తో పడుకున్న మనిషి కదలదు కనక తప్పిపోదు. ఆ పొరపాటు చేయించే తుపాకినే చిన్నది ఇప్పుడు బుగ్గకు ఆనించుకుని మురిసిపోతోంది. టక్, సర్, సర్, టక్.

చెయ్యెత్తాలి. అక్కడి పద్ధతి అంతే, పక్క కాగితానికి గుండు పోతే నోరెత్తకుండా చెయ్యెత్తితే పోటీ నడిపే విజిలాయన వచ్చి వంగుతాడు, చెవిలో చెబితే చాలు. పేల్చినవాళ్ళకి ఆ గుండు పోతుంది, పక్కవాళ్ళ కాగితం మీది ఆ చిల్లుని లెక్కలోంచి కొట్టేస్తారు, అంతే, తల తీసి మొలేసేదేం లేదు. ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. బడి లెక్కల మేష్టారికి జరిగింది, నిజాయితీగా చెయ్యెత్తాడు పాపం. ఆయనకి పొరుగాయన అని పేరు పెట్టిందెవరు? ఇంకెవరు, ఈ పెద్దకోడలే. టీ తాగేచోట అందరి ముందూ, ఏమండీ పొరుగాయనా, మీ ఇల్లు ఏదో ఈవేళైనా గుర్తుందా అని అడిగింది. అందరూ పడీపడీ నవ్వారు, మేష్టారూ నవ్వాడు, ఆ పేరే ఖాయమైంది. ఆయన భార్య కూడా ఇంట్లో అలాగే పిలుస్తోందట. ఆ పేరు తన మీదికి తిరిగి వస్తుందనా? ఒక వెక్కిరింత పేరుకి భయపడి నోరు మూసుకుందా ఇంత మనిషి? అవును, అంతకంటే పెద్ద కారణమేదైనా దొరుకుతుందేమోనని ఇన్ని రోజులూ వెతుక్కుంది, దొరకలేదు.

విజిలాయన కాగితాలు తెప్పించి బల్ల మీద పరిచాడు. చిన్నకోడలి కాగితం మీద ఒక చిల్లు ఎక్కువ. ఆయన తలెత్తి, ఎవరిదైనా పక్కకి పోయిందా అని వరసనంతా కలిపి ఒకసారి అడిగాడు. పెద్దకోడలు ఆ క్షణాన కంట్లో చెమట తుడుచుకుంటోంది. చెమట ఎప్పుడో పోయింది, అయినా తుడుచుకుంటూనే ఉంది. తన కాగితం మీద ఒకటి తక్కువ రావాలి కదా, ఇప్పుడే పట్టుబడిపోతాను, దేవుడా, పట్టుబడిపోతే బాగుండును అని కూడా అనుకుంది. ఆయన పెద్దకోడలి కాగితాన్ని భూతద్దం పెట్టి చూసి, ఇదిగో ఈ చిల్లు అంచు కొంచెం సాగింది చూశారా, ఒకే కన్నంలోంచి రెండు వెళ్ళాయి, అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సాగింది కాగితం చిరిగి, తనకు తెలుసు. మరి చిన్నదాని ఎక్కువ చిల్లుకి కారణం? ఆటోమేటిక్ కదా, ఒక నొక్కుకి రెండు పేలి ఉంటాయి, చెవుల మీద మూతలుండగా రెండు చప్పుళ్ళూ కలిసిపోయి ఉంటాయి. తుపాకికి తూటాలు అందించే మ్యాగజైన్లో మిగిలినవాటిని చిన్నది అప్పటికే డబ్బాలో కలిపేసింది, తేల్చుకునే దారి లేదు. ఆమె కాగితం మీది అన్నిటికంటే మంచి చిల్లుని లెక్కలోంచి తీసేశారు, అదీ నియమమే. బాగుచేయించేదాకా ఈ తుపాకిని పోటీకి తేవద్దమ్మా అన్నాడు విజిలాయన, తిట్టినట్టు కాదు, జాలిగానే. చిన్నకోడలు తలవంచుకుని ఏమందంటే, మా అక్క మొదట్నించీ చెబుతూనే ఉందండీ, నేనే వినలేదు అంది.

చెబుతూనే ఉంది, ఆ మాట నిజమే. చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పింది. దానంతట అదే ఎక్కించుకునే తుపాకితో ఏం గొప్పే, ప్రతి గుండూ మన చేత్తో మనం పెట్టుకుంటేనే దాని విలువ తెలుస్తుంది, బోల్టుది నిజాయితీ, అని ఎన్నిసార్లు అందో. నిజాయితీ అనే మాటని ఆ నోటితోనే అంది. చిన్నదేమో బట్టలు కత్తిరించే పనిలో ఉంటుంది, రోజంతా పెద్ద కత్తెర పట్టీపట్టీ కుడి బొటనవేలి కీలు అరిగిపోయింది, మూత తిప్పాలన్నా నొప్పే. అందుకే ఆటోమేటిక్ కొనుక్కుంది. పడుకుంటే రాయిలా కదలకుండా పడుకుంటుంది, వేలి కొస మాత్రమే కదులుతుంది, గుడ్డ మీద సుద్దగీత గీసినంత నెమ్మది. నిజం చెప్పుకోవాలంటే ఆ తుపాకితో అది రాన్రాను తనని మించిపోతోంది. ఆ రోజు ఆ పైకి విచ్చుకున్న చిల్లులు, అబ్బ, ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయి. స్కోపులో చూసిన ఆ అరక్షణంలో గుండె గుభేలుమనడానికి ముందే ఇంకోటేదో చురుక్కుమంది. అది చూసి ఓర్వలేకపోయానా? ఛీ. అదీ ఉందేమో. పేరుకి భయపడ్డానని ఒప్పుకోవడమే కొంచెం నయంగా ఉంది, దీన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

పెద్దకోడలు ఆ పోటీలో గెలిచిన కప్పుని ఇంటికి తెచ్చుకుంటే అత్తగారు పొంగిపోయింది. ఆ ముసలావిడకి నోరు ఎక్కువ, మనసు మంచిది. ఒకే ఇంట్లో రెండు తుపాకులు, అవి పట్టుకునేది ఇద్దరు కోడళ్ళు, ఇంక నేను నోరు మూసుకోక ఏం చేస్తాను అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. కొడుకులిద్దరూ గురి చూసి చెత్తబుట్టలో కాగితం ఉండ కూడా వెయ్యలేరని దెప్పుతుంది. ఈసారి వీధి చివరిదాకా వెళ్ళి మరీ చెప్పి వచ్చింది, మా పెద్దది ఒకే కన్నంలో రెండు కొట్టిందని. చిన్నకోడలు ఆ కప్పుని గుడ్డ పెట్టి తుడిచి, గూట్లో అందరికీ కనపడేలా పెట్టింది. పెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి చూసి, కొంచెం ఎడమకి జరిపింది. జరపకపోతేనేం? ఆ జరపడం దగ్గర పెద్దకోడలు ప్రతిసారీ ఆగిపోతుంది. ఏడ్చినా, అలిగినా, సాధించినా తట్టుకునేది. అది కప్పుని ఎడమకి జరిపింది.

కళ్ళజోళ్ళ దుకాణంలో పెద్దకోడలికి ఎన్నేళ్ళ ఉద్యోగమో. అక్షరాల బోర్డు ముందు జనాన్ని కూర్చోబెట్టి చదివించడమే పని. కొందరు ముసలివాళ్ళు ముందువాళ్ళు చదువుతుంటే విని బట్టీపట్టి, తమ వంతు వచ్చినప్పుడు గడగడా చదివేస్తారు. ఒక్క అక్షరం కనపడదు, అయినా చదివేస్తారు. ఆమె ఏమీ అనదు, మెల్లగా బోర్డు మార్చేస్తుంది. అప్పుడు వాళ్ళ నోరు సగంలో ఆగిపోతుంది, ముఖంలో రక్తం దిగిపోతుంది, ఒకాయనైతే కుర్చీ చేతులు పట్టుకుని లేవలేక అలా ఉండిపోయాడు. కనపడలేదంటే తప్పేం లేదండీ, చెబితేనే కదా అద్దం వేసేది అని వాళ్ళకి ధైర్యం చెబుతుంది. ఎంత ముచ్చటగా చెబుతుందో. ఇంటికొచ్చి అత్తగారికి వాళ్ళని అనుకరించి చూపించి నవ్వించేది కూడా. ఇప్పుడు తన ముందు బోర్డెవరు మారుస్తారు? ఎవరూ మార్చరు. అన్నీ బట్టీపట్టినట్టే సరిపోయాయి, చిరిగిన అంచు తనకి చప్పట్లయింది, ఎక్కువైన చిల్లు ఆటోమేటిక్ నెత్తిన పడింది. ఇక ఈ పూట చిన్నది బోల్టు పట్టుకుని బయటికి నడిస్తే, అటు కొట్టాయన ఆ పాతదాన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి విప్పితే, ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అదే భయం. ఎవరికీ తెలియకపోవడమే.

"అక్కా, చూడు, ఎంత తిన్నగా ఉందో," అంది చిన్నకోడలు చాప మీద నుంచే. "పిడి లాగేటప్పుడు బొటనవేలు కాస్త లాగుతోంది. అలవాటైపోతుందిలే, కదూ?"

కాస్త కాదు. ప్రతిసారీ పెదవి కొరుక్కుంటోంది, పెద్దకోడలు చూస్తూనే ఉంది. గురి కూడా నిలవడం లేదు, పిడి దించిన తరవాత గొట్టం చుక్క చుట్టూ ఈగలా తిరిగి తిరిగి వాలుతోంది. పెద్ద పోటీ దగ్గర్లోనే ఉంది, ఈ తుపాకితో ఇది అక్కడ నవ్వులపాలవుతుంది. అప్పుడూ తనే పక్కన కూర్చుని వీపు నిమురుతుంది కాబోలు. అసలు సంగతి చెప్పకుండా ఈ పని చెడగొట్టే దారి ఏదైనా ఉందా అని కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. గోడకి వరసగా తుపాకులు, నూనె వాసన, బీరువా తాళంచెవుల గుత్తి. పిరికి మనిషికి దారులు బాగానే కనపడతాయి. నీ పాతదాంట్లో లోపం లేదని ఆయనే అన్నాడు కదే, నీ చెయ్యి కూడా బాగాలేదు, దాన్నే ఉంచేసుకోరాదూ అంది, ఏదో ఆ నిమిషానే తోచినట్టు. బోల్టు బోల్టు అని తల తినేసిన మనిషేనా ఈ మాట అంటోందని చిన్నది మెడ తిప్పి చూసింది. కొట్టాయన పచ్చగుడ్డ అంచు సర్దుతూ, మీరూ ఆ పెద్ద పోటీకి వెళ్తున్నారా అమ్మా, మీరేది వాడతారు అని అడిగాడు. బోల్టే, అంది పెద్దకోడలు. ఆయన తలాడించాడు. నవ్వు ఆపుకుందామనుకున్నాడు గానీ మీసం కింద నుంచి జారిపోయింది.

"బాగుందమ్మా. మీకు బోల్టు, తోడికోడలికి మాత్రం జోడుగుండ్లు పేల్చేదా."

వేళాకోళానికే అన్నాడు, లోపలేమీ పెట్టుకుని కాదు. పెద్దకోడలికి చెంప మీద కొట్టినట్టయింది. చెయ్యని తప్పుకి కాదు, చేసిన తప్పుకే, కాకపోతే ఆయన చెయ్యి పొరపాటున సరైన చోట తగిలింది. ఇప్పుడైనా చిన్నది అనుమానంగా చూస్తే బాగుండును, ఒక్క చూపు, ఒక్క వంకర మాట, అప్పుడు కాస్త సమానమవుతుంది. చిన్నది మోచేతి మీద లేచి కొట్టాయన్ని కోప్పడింది, నిజంగానే కోపం వచ్చింది దానికి.

"ఊరుకోండి బాబాయిగారూ. మా అక్క అలాంటిది కాదు. నాకు తుపాకి పట్టుకోవడం నేర్పిందే ఆవిడ."

ఆ మాటతో లోపల ఏదో తెగింది. ధైర్యం వచ్చిందని చెప్పడానికి లేదు, ధైర్యం రాలేదు, ఇంకొక్క క్షణం ఆ మాట కింద కూర్చోవడం చేతకాలేదు, అంతే. స్టూలు మీద నుంచి లేచి వచ్చి చాప పక్కనే నేల మీద కూర్చుంది. నేర్పినప్పుడూ ఇలాగే పక్కన కూర్చుని నేర్పింది.

"ఆ చిల్లు నాదే, చిన్నీ."

"ఏ చిల్లు?"

"నీ కాగితం మీద ఎక్కువైంది. నా గుండు నీ దాని మీదికి వచ్చింది. నీ తుపాకి రెండు పేల్చలేదు. దానికేం లేదు."

చిన్నకోడలు పిడి ఎత్తి, వెనక్కి లాగి, తెరిచి ఉంచి, తుపాకిని జాగ్రత్తగా చాప మీద పెట్టింది, కోపంలో కూడా పద్ధతి తప్పదది. కొట్టాయన కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ తీసి, తాళంచెవుల గుత్తి పట్టుకుని పని లేకపోయినా వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. బయట బస్సు వచ్చి ఆగినట్టుంది, బ్రేకు కీచుమంది. చిన్నది లేచి కూర్చుని, నొప్పిగా ఉన్న బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని, పెద్దకోడలి ముఖంలోకి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. వెతుకులాట ఉంది, ఏదో ఒకటి దొరికితే చాలునన్నట్టు.

"ఇంటికెళ్ళాక తెలిసిందా అక్కా? తరవాత ఆలోచించుకుంటే తట్టిందా?" అంది. తానే తలూపింది కూడా, అవునను, అవునను అన్నట్టు. "అప్పుడు తెలీదు కదా నీకు."

ఎంత మంచి పిల్ల. తలుపు తెరిచి పట్టుకుంది, ఒక్క అడుగు వేస్తే చాలు. అవును, తరవాతే తట్టింది, నిన్ననే తట్టింది, నిద్ర పట్టలేదు, అందుకే చెబుతున్నాను. ఎంత తేలిక. ఇద్దరూ కలిసి కాస్త ఏడ్చుకోవచ్చు, అయ్యో అక్కా ఎంత బాధపడ్డావో అని అదే తనని ఓదారుస్తుంది, అత్తగారికి కూడా అలాగే చెప్పుకోవచ్చు, కప్పు తిరిగి ఇచ్చేస్తే పెద్దమనిషి అంటారు, మేష్టారు కూడా భుజం తడతాడు. పక్క కాగితం మీద చిల్లు పొరపాటున పడింది. ఇప్పుడీ అవును అంటే మాత్రం పొరపాటు కాదు, కళ్ళు తెరుచుకుని, ఈ పిల్ల ముఖం మీదే గురి పెట్టి కొట్టడం.

"లేదే. పేల్చినప్పుడే తెలుసు. నీ చిల్లులు గుర్తుపట్టాను. ఆయన అడిగినప్పుడు కూడా తెలుసు నాకు."

చిన్నకోడలి తల ఊగడం ఆగిపోయింది. చూస్తుండగానే ఆ ముఖంలోంచి ఒక మనిషి లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నట్టయింది. చాప మీద నుంచి లేచి, బట్టలు దులుపుకుని, బాబాయిగారూ అని పిలిచింది. ఇది వద్దండీ, నా దాన్ని నాకు బిగించి ఇచ్చేయండి అంది. ఆయన ముక్కలన్నీ వెనక్కి అమర్చి, పని చూసి, సంచీలో పెట్టి జిప్పు లాగాడు. ఆదివారం అందరూ ఉండగా విజిలాయనకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని చిన్నది అడిగింది, సంచీ వైపే చూస్తూ. నేనే చెబుతాను అంది పెద్దకోడలు. సరే, అంది చిన్నది. అక్కా అన్న పిలుపు లేదు.

ఎక్కడికి వెళ్ళినా ఆ పొడుగు సంచీని పెద్దకోడలే భుజాన వేసుకునేది, చిన్నదాని చెయ్యి బాగాలేదని. ఇప్పుడూ అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. చిన్నకోడలు ఆ చెయ్యి అందకముందే సంచీని తన వైపు లాక్కుంది. బొటనవేలు వంగక పట్టు జారింది, పళ్ళు బిగించి రెండోసారి పట్టుకుంది, భుజానికి ఎక్కించుకుంది. "నేను మోసుకుంటాలే," అంది మామూలుగానే, బస్సులో పరాయివాళ్ళతో అన్నట్టు. తలుపు తోసుకుని వీధిలోకి దిగి, బస్సులు ఆగే చోటు వైపు నడిచింది. మరీ వేగంగా నడవలేదు, ఆగి వెనక్కీ చూడలేదు. పెద్దకోడలు కొన్ని అడుగులు ఎడంగా ఆమె వెనకే నడిచింది. ఎన్నడూ లేనిది రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.